గోలీ మానెయ్యడం తవక్కుల్ కాదు

కొడంగల్, తాండూరు, వికారాబాద్ ప్రాంతాల్లోని మన కుటుంబాల్లో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న పేరు 'థైరాయిడ్'. జుమా నమాజు ముగిసి బయటికి వచ్చేటప్పుడు ఇంటి క్షేమం అడిగితే, భార్యకో చెల్లెలికో ఆ గోలీ నడుస్తోందని చెప్పేవారు కనిపిస్తున్నారు. దాని వెంటే మరో మాట కూడా వస్తోంది: "నెల రోజులు వేసుకుంది, ఫాయిదా లేదని మానేసింది." ఈ రెండో మాట గురించే ఈ వారం నాలుగు ముక్కలు రాయాలనుకున్నాము.

గొంతు ముందు భాగంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. అందులో తయారయ్యే థైరాక్సిన్ అనే హార్మోన్ శరీరంలోని అవయవాలు ఏ వేగంతో పని చేయాలో నిర్ణయిస్తుంది. అది తగ్గితే మనిషి నెమ్మదిస్తాడు. ఎంత పడుకున్నా అలసట తీరదు. అందరికీ ఉక్కపోస్తుంటే తనకు చలి వేస్తుంది. బరువు పెరుగుతుంది, జుట్టు రాలుతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, నెలసరి గతి తప్పుతుంది, మనసు దిగులుగా ఉంటుంది. ఇంట్లోవాళ్లు దీనికి పెట్టే పేరు మాత్రం 'కాహిలీ', అంటే బద్ధకం. హైదరాబాద్ సహా 8 భారతీయ నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి ఈ లోపం ఉన్నట్టు తేలింది. స్త్రీలలో అది 16 శాతానికి దగ్గరగా, పురుషులలో 5 శాతంగా ఉంది. జబ్బుపడిన కోడలిని సోమరి అనడం నింద అవుతుంది. నింద మోపడం ఎంతటి పాపమో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ వైద్యం వెనుక పెద్ద చరిత్రే ఉంది. గొంతు వాపుకూ కనుగుడ్లు ముందుకు పొడుచుకు రావడానికీ సంబంధం ఉందని 12వ శతాబ్దంలోనే జుర్జానీ అనే ముస్లిం వైద్యుడు 'జఖీరా-ఎ-ఖ్వారజ్మ్‌షాహీ'లో గుర్తించాడు. అది ఈ గ్రంథి అతిగా పని చేసే జబ్బు. అది మందగించే జబ్బుకు చికిత్స 1891లో దొరికింది. ఇంగ్లాండులో జార్జ్ ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని 46 ఏళ్ల స్త్రీకి ఇచ్చాడు. ఆ వైద్యంతో ఆమె మరో 28 ఏళ్లు బతికింది. 1914లో అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు. 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేశారు. విదేశాల్లో పంది గ్రంథితో చేసిన మందు కూడా అమ్ముతారని విని కొందరు సందేహిస్తున్నారు. మన వైద్యులు మామూలుగా రాసే లీవోథైరాక్సిన్ ఆ కోవలోది కాదు. అందులోని హార్మోన్ ఏ జంతువు గ్రంథి నుంచీ తీసినది కాదు, రసాయనికంగా తయారైనది.

మరి నెల రోజులకే ఫాయిదా ఎందుకు కనిపించదు? ఈ మందు నొప్పి గోలీ లాంటిది కాదు. శరీరంలో సగం ఖర్చు కావడానికే దాదాపు వారం పడుతుంది. కాబట్టి రక్తంలో దాని మోతాదు ఒక స్థాయికి చేరి నిలబడడానికి ఐదారు వారాలు కావాలి. అందుకే వైద్యులు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించి మోతాదు సవరిస్తారు. 25తో మొదలై 50, 75 మైక్రోగ్రాములకు మారడం జబ్బు ముదిరిందనడానికి గుర్తు కాదు, శరీరానికి సరిపడే కొలత వెతుకుతున్నారన్న మాట. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. తొలకరిలో కంది విత్తిన మన తాండూరు రైతు నెల తిరగకుండానే కాయ పట్టలేదని చేను దున్నేస్తాడా? అయితే గుండె దడ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం కనిపిస్తే మోతాదు ఎక్కువైందేమో అడగాలి. సొంతంగా తగ్గించడం, పొరుగింటివారి గోలీ చూసి పెంచడం రెండూ ప్రమాదమే.

గోలీ పనిచేయకపోవడానికి ఇంకో కారణం వేసుకునే వేళ. దీన్ని పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు చాయ్ కూడా ముట్టకూడదు. ఇల్లంతటికీ చాయ్ కాచే స్త్రీకి ఆ గంట ఎవరిస్తారు? ఫజ్ర్ నమాజు ఆ అవకాశం ఇస్తుంది. వుజూ చేసేటప్పుడే గోలీ వేసుకుంటే, నమాజు, ఖుర్ఆన్ పఠనం ముగిసేసరికి అరగంట దాటుతుంది. నమాజు లేని రోజుల్లో కూడా అదే వేళ పాటించాలి. రక్తహీనతకు వాడే ఐరన్, ఎముకలకు వాడే కాల్షియం గోలీలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే కడుపులోనే దీన్ని పట్టి ఉంచుతాయి. వేడికీ తేమకూ ఈ మందు చెడుతుంది కనుక డబ్బాను పొయ్యి పక్కన పెట్టకూడదు.

రమజాన్ వచ్చిందంటే కొందరు నెలంతా గోలీ ఆపేస్తారు. అవసరం లేదు. ఇఫ్తార్, భోజనం అయ్యాక మూడు గంటలు ఆగి పడుకునే ముందు వేసుకోవచ్చు. లేదా సహరీకి అరగంట ముందే లేచి వేసుకోవచ్చు. తమకు ఏది వీలో రమజాన్‌కు ముందే వైద్యుణ్ణి అడగాలి. రోజా పాటించలేనంత జబ్బు ఉన్నవారికి సూరె బఖరా 184, 185 ఆయతులలోనే సడలింపు ఉంది. దాన్ని చిన్నతనంగా భావించనక్కరలేదు.

పెళ్లి సంబంధం చెడుతుందని అమ్మాయి జబ్బు దాచి, అత్తవారింటికి గోలీ లేకుండా పంపే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఇది చాలా ప్రమాదం. గర్భం నిలిచిన తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాక్సినే ఆధారం. లోపాన్ని సరిచేయకపోతే గర్భస్రావం కూడా కావచ్చు. గర్భం అని తెలిసిన వెంటనే వైద్యులు మామూలుగా మోతాదు పెంచుతారు. దాచిన కోడలు ఎవరిని అడగగలదు? సక్రమంగా గోలీ వేసుకునే అమ్మాయి అందరిలాగే సంసారం చేస్తుంది, పిల్లల్ని కంటుంది. వరుడి తరఫువారు అడగవలసింది గోలీ సక్రమంగా వేసుకుంటోందా అనే.

"అల్లాహ్ మీద భారం వేశాం, దుఆ చేయించాం, ఇక మందెందుకు?" అనేవారికి ఒక మాట. దుఆ తప్పకుండా చేయించండి, అది మన బలం. కానీ ఒంటెను కట్టేసి ఆ తర్వాత భారం వేయమన్నది దైవప్రవక్త (స) బోధ. చికిత్స చేయించుకోమని చెప్పినది కూడా ఆయనే. శరీరం మనకు అప్పగించిన అమానత్. ఆ అమానత్‌ను కాపాడడానికి రోజుకు ఒక చిన్న గోలీ వేసుకోవడం ఈమాన్‌కు లోటు ఎలా అవుతుంది?

ఖర్చు సాకు కూడా కొంత తీరింది. ప్రభుత్వ ఉచిత పరీక్షా కేంద్రాలను 2021 జూన్‌లో వికారాబాద్ సహా 19 జిల్లాలకు విస్తరించారు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి థైరాయిడ్ పరీక్ష గురించి అడగండి. ఒకసారి తాండూరు, ఒకసారి హైదరాబాద్, చుట్టాలింటికి పోయినప్పుడు గుల్బర్గా అంటూ వైద్యుల్ని మార్చేవారు పాత చీటీలు, రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో దాచి వెంట తీసుకుపోవాలి.

సోదరులారా! రేపు ఫజ్ర్ తర్వాత ఒక అరగంట మీ చాయ్ మీరే కాచుకోండి. ఖతీబ్ సాహెబులు రమజాన్‌కు ముందు ఒక జుమాలో ఈ నాలుగు మాటలు చెబితే, మసీదుకు రాని స్త్రీలకు కూడా అవి వారి ఇంటి మగవారి ద్వారా చేరుతాయి. అల్లాహ్ మన ఇళ్లలోని రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. వారికి సబ్ర్‌ను, వారిని చూసుకునే మనకు కనికరాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.