పదహారు గళ్ల మద్దెల!

దానికి తీగలు లేవు. తోలు లేదు. ఊదడానికి రంధ్రాలూ లేవు. ఉన్నవల్లా వరుసకు నాలుగు చొప్పున పదహారు రబ్బరు గళ్లు, ఓ చిన్న తెర, కొన్ని మీటలు. అయినా, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 2016లో తలుపులు తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో దానికి చోటు దక్కింది. పేరు ఎంపీసీ 3000. తయారుచేసింది జపాన్ కంపెనీ అకాయ్. ఒకప్పుడది డెట్రాయిట్ నగరానికి చెందిన జేమ్స్ యాన్సీది. సంగీతలోకానికి అతను 'జె డిల్లా'గా తెలుసు. ఆ యంత్రాన్ని మ్యూజియానికి ఇచ్చింది అతని కన్నతల్లి!

మీట నొక్కితే మోగే పెట్టెకు అంత గౌరవమెందుకు? తెలియాలంటే 1980కి వెళ్లాలి.

అప్పటిదాకా ఉన్న డ్రమ్ మెషీన్లు టిక్కు టిక్కుమనేవి తప్ప, అసలు డ్రమ్ముల్లా వినిపించేవి కావు. రోజర్ లిన్ అనే అమెరికన్ గిటారిస్టుకి అది నచ్చలేదు. నిజం డ్రమ్ముల చప్పుడునే రికార్డు చేసి చిప్పుల్లో దాచాడు. మీట తాకగానే అవే పలికేలా 'ఎల్ఎం-1' అనే యంత్రాన్ని తయారుచేశాడు. ఇక డ్రమ్మర్లకు గుండెల్లో రాయి పడింది. అలసిపోదు, భోజనం అడగదు, తాళం తప్పదు.. అలాంటిది వస్తే తమ గతేం కాను అని!

నిజమే, అది తాళం తప్పదు. వాయించేవాడి వేలు కాస్త అటూ ఇటూ అయినా, ఆ దెబ్బను లాక్కెళ్లి సరైన చోట కూర్చోబెడుతుంది. చిక్కల్లా అక్కడే. అన్నీ గీత గీసినట్టు పడితే వినడానికి బాగానే ఉంటుంది గానీ, తల ఊగదు. అందుకే లిన్ అందులోనే ఇంకో కిటుకూ పెట్టాడు. పేరు 'స్వింగ్'. అంటే ఊపు! జంట దెబ్బల్లో మొదటిది తన చోటనే పడుతుంది. రెండోది పిసరంత ఆలస్యంగా వస్తుంది. 50 శాతం అంటే రెండింటి మధ్యా ఎడం సరిసమానం. అంకె పెంచేకొద్దీ నడకలో ఊపొస్తుంది. 66 దగ్గరికి చేరేసరికి అచ్చం మన తిశ్ర నడకే!

1986లో లిన్ కంపెనీ మూతపడింది. కానీ అతని బుర్రకు తాళం పడలేదు. అకాయ్‌తో చేయి కలిపి 1988లో 'ఎంపీసీ 60'ని తెచ్చాడు. పదహారు గళ్ల పెట్టెల్లో అదే మొదటిది. దానితో పాట కట్టే పద్ధతి తేలికే. పాత రికార్డులోంచి డ్రమ్ము దెబ్బనో, పియానో ముక్కనో యంత్రంలోకి ఎక్కిస్తారు. ఒక్కో ముక్కను ఒక్కో గడికి అప్పగిస్తారు. ఆపైన వేళ్లతో వాయించడమే. ఏ గడిని ఎప్పుడు కొట్టారో యంత్రం గుర్తుపెట్టుకుని, అదే వరుసలో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. దాని మీద ఇంకో వరుస, ఆపైన మరొకటి.. గోడ కట్టినట్టు! కొన్నప్పుడు అందులో పట్టేది దాదాపు 13 సెకన్ల శబ్దమే. ఆ కొంచెంలోనే బోలెడు వినిపించారు. డీజే షాడో 1996లో విడుదల చేసిన 'ఎండ్‌ట్రడ్యూసింగ్' ఆల్బమ్‌లో చాలావరకు ఇలా పాత రికార్డుల ముక్కల్ని ఎంపీసీ 60తో అతికి కూర్చిందే.

పెట్టెలు మారుతూ వచ్చాయి. 2001లో 'ఏబుల్టన్ లైవ్' అనే సాఫ్ట్‌వేర్ కొత్త పద్ధతిని తెచ్చింది. పాటను ముక్కలు చేసి గళ్లలో పేరిస్తే, వాటిని వేదిక మీదే ఇష్టమొచ్చిన వరుసలో వినిపించొచ్చు. ఆ ముక్కల పేరే 'క్లిప్'లు. 2019లో అకాయ్ తెచ్చిన 'ఫోర్స్'కి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. చదరంగం బల్లలా ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు గళ్లు! తొందరపడి ముందే నొక్కినా, ఆ క్లిప్ వెంటనే మోగదు. వచ్చే ఆవర్తం మొదలయ్యేదాకా ఆగి అందుకుంటుంది. కోలాటంలో మధ్యలో చేరేవాళ్లు అదను చూసి అడుగేసినట్టు!

అంటే తప్పు చేద్దామన్నా కుదరనంత సౌకర్యం. మరి ఇందులో మనిషి చేసేదేముంది? జవాబు డిల్లా వేళ్లలో ఉంది.

అతను యంత్రం చెప్పిన చోటల్లా తలూపలేదు. కొన్ని దెబ్బల్ని పిసరంత ముందుకు, కొన్నిటిని వెనక్కి జరిపేవాడు. ఒక శబ్దం ఊగుతూ నడుస్తుంటే, పక్కది నిటారుగా నడిచేది. వినేవాళ్లకు తాళం పడిపోతున్నట్టే ఉంటుంది.. పడదు! ఆ నడక విని 'ది రూట్స్' బృందం డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ లాంటి వాళ్లు ముచ్చటపడ్డారు. దాన్ని నిజం డ్రమ్ముల మీద పట్టుకోవడానికి సాధన చేశారు. యంత్రం తమ పొట్ట కొడుతుందని ఒకప్పుడు భయపడ్డ డ్రమ్మర్లే, ఆ యంత్రం మీద ఒక మనిషి కనిపెట్టిన నడకను నేర్చుకున్నారు!

డిల్లాకి అరుదైన రక్తవ్యాధి వచ్చింది. లూపస్ కూడా తోడైంది. లాస్ ఏంజెలెస్‌లో ఆసుపత్రి గదిలోకి కూడా చిన్న శాంప్లర్, రికార్డు ప్లేయరు తెప్పించుకున్నాడు. వేళ్లు బిగుసుకుపోతే మెల్లగా మర్దన చేసేదాన్నని తల్లి మౌరీన్ తర్వాత చెప్పారు. కాస్త పట్టు రాగానే మళ్లీ పనిలో పడేవాడట. 2006 ఫిబ్రవరి 7న, సరిగ్గా 32వ పుట్టినరోజునాడు అతని 'డోనట్స్' ఆల్బమ్ విడుదలైంది. మూడు రోజులకే కన్నుమూశాడు.

2014లో ఆ తల్లి కొడుకు ఎంపీసీని మ్యూజియానికి ఇస్తానని ప్రకటించారు. అలాంటి పెట్టె డబ్బులిస్తే ఎవరికైనా దొరుకుతుంది. అందులోని కాలం కూడా అందరికీ ఒకటే. ఎంత ముందు, ఎంత వెనక అన్న లెక్క మాత్రం వాయించేవాడి వేళ్లకే తెలియాలి!