చూపు మనది, ప్రాణం ఎదుటివాడిది

స్టీరింగు పట్టిన సోదరులారా! బండ్లు తిప్పే యజమానులారా! వారి కోసం ఇళ్లలో ఎదురుచూసే అమ్మలారా, అక్కలారా!

దసరా వస్తే బండిని కడుగుతాం. పసుపు కుంకుమలు పెడతాం. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. గుమ్మడికాయతో దిష్టి తీస్తాం. ఫిట్‌నెస్ గడువు దాటనివ్వం. టైరు అరిగితే మనకు నిద్ర పట్టదు. మరి ఆ బండిని నడిపే కంటికి పరీక్ష చేయించి ఎన్నేళ్లయింది? గుండె మీద చెయ్యి వేసుకుని మనలో ప్రతి ఒక్కరం జవాబు చెప్పుకోవాలి.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. రోజుకు 460 మందికి పైగా. వీటిలో ఎన్ని చావులకు మసకబారిన చూపు కారణమో కాగితాల్లో వెతికితే దొరకదు. ఎదురుబండి లైటు కళ్లలో కొట్టింది అంటారు. మనిషి అడ్డం వచ్చాడు అంటారు. చీకట్లో ట్రాలీ కనబడలేదు అంటారు. కనబడలేదు అన్న ఆ మాట దగ్గర మనం ఆగాలి. ఎందుకు కనబడలేదని అడగాలి.

ఒక రాత్రి హైదరాబాదు నుంచి విజయవాడకు లారీ క్యాబిన్‌లో వెళ్లాను. డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. చేయి తిరిగిన మనిషి. ధాబా దగ్గర సరుకు కాగితాన్ని చెయ్యి బారునా చాపి చూశాడు. చదవలేక క్లీనరు కుర్రాడికిచ్చాడు. అది చత్వారం. నలభై దాటితే అందరికీ వచ్చేదే. కానీ సూర్యాపేట దాటాక జరిగింది వేరు. ఆ కుర్రాడు ఎడమ కిటికీలోంచి తల బయట పెట్టి కూర్చున్నాడు. "మామా, ముందు ట్రాలీ. మామా, ఎడమ పక్క గేదెలు." దారి పొడుగునా అదే పాట. లారీకి ఆ రాత్రి కళ్లు ఆ పిల్లవాడివే. పరీక్ష చేయించుకోలేదా అని అడిగాను. డ్రైవరు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "అద్దాలు పెట్టుకుంటే ఓనరు బండి ఇవ్వడు సార్. కళ్లు పోయాయంటాడు."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆయన కంటికి శుక్లం వచ్చిందో, నీటికాసులో, షుగరు దెబ్బో, డాక్టరు చూస్తే గాని తెలియదు. కానీ ఆయన నోరు నొక్కింది కంటి జబ్బు కాదు. కూడు పోతుందన్న భయం. ఆ భయాన్ని పెట్టింది మనం. తీసేయవలసిందీ మనమే. ఇప్పుడు చాలా బండ్లలో క్లీనరే లేడు. ఆ డ్రైవర్లకు ట్రాలీ ఉందని చెప్పేది ఎవరు?

చూపు ఒక్కరోజులో పోదు. అందుకే మోసపోతాం. శుక్లం ముదిరేకొద్దీ ఎదురుబండి లైటు చెల్లాచెదురై కన్నంతా తెల్లగా కమ్ముతుంది. ఆ వెలుగు వెనక నడిచే మనిషి మాయమవుతాడు. నీటికాసులు పక్క చూపును కొరుకుతూ వస్తాయి. చాలామందికి నొప్పి ఉండదు. ఒక కంటి లోటును రెండో కన్ను కప్పేస్తుంది. సందులోంచి వచ్చే సైకిలు, రోడ్డు దాటబోయే పిల్ల ఆ పక్కల్లోనే ఉంటారు. ఏ జబ్బూ లేకపోయినా వయసు తన వాటా తాను తీసుకుంటుంది. ఇరవై ఏళ్ల కంటిలోకి వెళ్లే వెలుతురులో అరవై ఏళ్ల కంటికి చేరేది సుమారు మూడో వంతే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఒక్క సెకను ఆలస్యంగా చూశామా, బ్రేకు మీద కాలు పడేలోగా ఆ 22 మీటర్లూ అయిపోతాయి.

యజమానులారా, ముందుగా మిమ్మల్నే అడుగుతున్నాను. అద్దాలు పెట్టుకున్న డ్రైవరును తీసేయకండి. అద్దాలు దాచుకున్న డ్రైవరును చూసి భయపడండి. ఏడాదికోసారి మీ ఖర్చుతో కంటి పరీక్ష చేయించండి. ఆపరేషను కావాలంటే చేయించండి. కోలుకునే రోజులకు జీతం ఇవ్వండి. ఇంజను విప్పిన వారం బండి షెడ్డులో ఉంటే ఓర్చుకుంటాం కదా. మనిషి కోసం ఆ మాత్రం ఓర్చుకోలేమా?

డ్రైవరు సోదరులారా, షుగరు ఉందని తెలిసిన వెంటనే కంటి లోపలి పొరను చూపించుకోండి. ఆపైన ఏడాదికోసారి చూపించుకోండి. చూపు బాగానే ఉందని ఆగకండి. షుగరు లోపల పని చేసుకుపోతున్నా మొదట్లో మనకు తెలియదు. రాత్రి చూపు ఆనకపోతే రాత్రి బండి ఎక్కకండి. అలా చెప్పిన తోటివాణ్ని వెక్కిరించకండి. వాడి వంతు పగటికి మార్చండి.

అమ్మలారా, అక్కలారా, ఇంటి మనిషి చూపు తగ్గిందని అందరికన్నా ముందు కనిపెట్టేది మీరే. చీకటి పడ్డాక మెట్టు తడుముకుంటున్నాడా? బండి మాటిమాటికీ డివైడరుకు రాసుకుంటోందా? ఎదురొచ్చే ప్రతి లైటునూ తిడుతున్నాడా? పరువుకు పోయి ఊరుకోకండి. చెయ్యి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చూపు బాగున్నవాళ్లకూ బాకీ ఉంది. ఎదురుబండి కనబడగానే డిప్పర్ వేయండి. ట్రాలీ వెనక రేడియం స్టిక్కర్లు అంటించండి. రైతన్నలారా, వడ్లు ఆరబోయడానికి కళ్లం లేని బాధ తెలుసు. కానీ పొద్దు గూకాక రోడ్డు మీద రాళ్లు, నల్ల పట్టాలు వదిలేయకండి. మంచి చూపున్నవాడికే అవి ఆనవు.

చట్టం మన నుంచి అడిగేది చాలా తక్కువ. లైసెన్సు కోసం మన సంతకంతో ఇచ్చే ప్రకటనలో ఒక ప్రశ్న ఉంది. పగటి వెలుతురులో, అద్దాలుంటే పెట్టుకుని, 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు పోల్చుకోగలరా అని. రేచీకటి ఉందా అని కూడా అడుగుతుంది. అవునో కాదో రాసి సంతకం పెట్టి మరిచిపోయాం. ఆ సంతకం ఆఫీసుకిచ్చిన కాగితం అనుకున్నాం. అది రోడ్డు మీద మనకు ఎదురయ్యే ప్రతి మనిషికీ ఇచ్చిన మాట.

ఈ ఆదివారమే మొదలుపెడదాం. ఆటోనగరులో, లారీ అడ్డాలో, ఆటో స్టాండులో, మీ యూనియను ఆఫీసు ముందు ఒక కారు నిలపండి. టేపు పట్టి 25 మీటర్లు కొలవండి. సున్నంతో గీత గీయండి. కుర్రవాళ్లను ముందుకు తోయకండి. పెద్దలు ముందు నిలబడాలి. అధ్యక్షుడు, ఆయన వెనక యజమానులు, వాళ్ల వెనక డ్రైవర్లు. ఒక కన్ను చేత్తో మూసుకుని నంబరు పైకి చదవాలి. తర్వాత రెండో కన్ను. చదవలేనివాడి పేరు చీటీ మీద రాయండి. సోమవారం పొద్దున ఆయన్ను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి పేరు కూడా ఆ పక్కనే రాయండి.