బొమ్మలు చదివే వయసు

మూడేళ్ళు నిండగానే పిల్లకి మనం ఏం కొంటాం? పలక కొంటాం. ఎ బి సి డిల అట్ట కొంటాం. జంతువుల చార్టు, పళ్ళ చార్టు, కూరగాయల చార్టు కొని గోడకి తగిలిస్తాం. ఇక ఒళ్ళో కూచోబెట్టుకుని పరీక్ష మొదలు! "ఇదేంటి? ఏం రంగు? స్పెల్లింగు చెప్పు!" చుట్టాలొస్తే వాళ్ళ ముందర మరోసారి. ఎల్‌.కె.జి. సీటు గురించి మన ఆదుర్దా మనది, కాదనను.

కథల పుస్తకం మాత్రం కొనం. "చదవడమే రాదు, అప్పుడే పుస్తకాలెందుకు? చింపి పోగులు పెడుతుంది" అంటాం. నిజమే, చదవడం రాదు. అక్షరాలు చదవడం రాదు. బొమ్మలు చదవడం మటుకు మనకంటే బాగా వచ్చు.

మా చిన్నదానికి నాలుగేళ్ళు. ఏడాదిన్నరగా రాత్రిపూట దాంతో కలిసి పుస్తకాలు చూస్తున్నాను. మేమిద్దరం చూసేది ఒకే పుస్తకమైనా చదివేది వేరువేరు. నేను పేజీ అడుగున ఉన్న రెండు వాక్యాలు చదివేసి పేజీ తిప్పబోతాను. అది నా చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. "ఉండమ్మా, చీమ ఎక్కడ దాక్కుందో చూడనీ!" నాకు చీమ కనపడనే లేదు. నా చూపంతా అక్షరాల మీదే కదా!

ఆ చీమ వ్లదీమిర్ సుతేయెవ్ కథలోది. 1903లో పుట్టి 1993లో పోయిన రష్యన్ రచయిత ఈయన. కార్టూను సినిమాలు తీసిన మనిషి. అందుకేనేమో, ఆయన గీసిన కోడిపిల్ల పేజీ మీద కుదురుగా నిలబడదు, ఇప్పుడో ఇంకాసేపటికో అడుగు వేస్తుందనిపిస్తుంది. కథ రాసిందీ తనే, బొమ్మ గీసిందీ తనే. వాన పడుతుంటుంది. చిన్న పుట్టగొడుగు కింద చీమ తలదాచుకుంటుంది. తడిసిన సీతాకోకచిలుక వస్తుంది, సర్దుకుంటారు. ఎలుక వస్తుంది, సర్దుకుంటారు. పిచ్చుక, ఆ తరవాత నక్క తరుముతున్న కుందేలు! అందరూ అక్కడే పడతారు. వాన వెలిశాక చీమకి సందేహం వస్తుంది. ఇందాక నా ఒక్కదానికే ఇరుకైన చోట ఇంతమందిమి ఎలా పట్టాం?

జవాబు కథలో రాసి ఉండదు. మీకు తెలిసిందా అని పిల్లల్ని అడిగి వదిలేస్తాడు రచయిత. మా పిల్ల ఏమీ మాట్లాడకుండా పేజీలు వెనక్కి తిప్పింది. మొదటి బొమ్మలో పుట్టగొడుగు మీద వేలు పెట్టింది. మళ్ళీ చివరికి వచ్చి అక్కడ పెట్టింది. "ఇది వాన నీళ్ళన్నీ తాగేసింది" అంది. ఒక్క అక్షరం రాని పిల్ల రెండు పేజీలు పోల్చి చూసి కారణం చెప్పింది! దీన్ని చదువు అనకపోతే మరేమనాలి?

ఆయనదే ఇంకో కథ ఉంది. బాతుపిల్ల, కోడిపిల్ల ఒకేసారి గుడ్లలోంచి బయటికొస్తాయి. బాతుపిల్ల ఏం చేసినా కోడిపిల్ల "నేనూ" అంటుంది. నడిచినా నేనూ, మట్టి తవ్వినా నేనూ. ఈతకి దిగినా నేనూ అని మునిగిపోబోతే బాతుపిల్లే బయటికి లాగుతుంది. మళ్ళీ ఈతకి వెళ్తానంటే ఈసారి మాత్రం "నేను రాను" అంటుంది. అంతే కథ. కానీ రెండు మూడుసార్లు విన్నాక ఆ "నేనూ" అనే మాట మనం అనక్కర్లేదు. మనం కాస్త ఆగితే చాలు, పిల్ల అరిచి మరీ చెబుతుంది. కథలో తనకీ ఒక వేషం దొరికినట్టు.

సోవియట్ పుస్తకాలంటే మన తెలుగిళ్ళకి కొత్త కాదు. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల ద్వారా మనదాకా వచ్చేవి. ఉప్పల లక్ష్మణరావుగారి లాంటి వాళ్ళు అక్కడే ఉండి అనువదించారు. దళసరి కాగితం, నిండైన రంగులు, మన చేతికందే ధర. 1991లో ఆ దేశంతోబాటే ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది. అమ్మలో, మేనమామలో దాచుకున్న కాపీలు చూసి పెరిగినదాన్ని నేను. సికిందరాబాదులోని 'మంచి పుస్తకం' వాళ్ళు ఆ కథలు కొన్ని మళ్ళీ తెలుగులో వేశారు. అమెరికాలోని తానాతో కలిసి కొత్తగా తెలుగులోనే రాయించి, బొమ్మలు వేయించిన పిల్లల పుస్తకాలు కూడా తెచ్చారు.

మన దేశంలోవి తక్కువేం కాదు. ఢిల్లీలో నేషనల్ బుక్ ట్రస్టు, శంకర్ గారి చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు రెండూ 1957లోనే పుట్టాయి. తన బూడిదరంగు నచ్చక తక్కిన జంతువుల రంగులూ చారలూ కావాలనుకునే రూప అనే ఏనుగు కథ, మిక్కీ పటేల్‌ది, నేషనల్ బుక్ ట్రస్టు వేసిందే. చెన్నైలో 1996లో మొదలైన తులికా వాళ్ళు ఇంగ్లీషుతోబాటు తెలుగు కూడా ఒకే పేజీలో ఉండేలా పుస్తకాలు వేస్తారు. వాటిలో అశోక్ రాజగోపాలన్ 'గజపతి కులపతి' మా ఇంట్లో అట్ట ఊడిపోయే స్థితికి వచ్చింది. ఊరందరికీ ఇష్టమైన ఏనుగుకి జలుబు చేస్తుంది. ఏనుగు తుమ్మితే ఏమవుతుంది? అదే కథ! ఆ తుమ్ము మీరు ఎంత బాగా తుమ్మితే పుస్తకం అంత బాగుంటుంది. సిగ్గుపడితే లాభం లేదు. మా వంటింటి దాకా వినపడేలా తుమ్ముతాను నేను.

బెంగుళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ వాళ్ళవి చవగ్గా దొరుకుతాయి. వాటిలో రోహిణీ నీలేకని రాసిన శృంగేరి శ్రీనివాస్ కథ ఉంది. పాపం, పొడుగు జుట్టు కత్తిరించుకోవాలి. ఎవర్నడిగినా ఇవాళ తీరిక లేదనే జవాబే. "తీరిక లేదు" అన్న మాట దగ్గర పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఇంట్లో రోజూ వినే మాటేగా! చివరికి ఆ జుట్టు ఎవరు కత్తిరించారో ఇక్కడ చెప్పను, మీ పిల్లల పక్కన కూచుని చూడండి. ఈ సంస్థే 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. అలాగని పిల్ల చేతికి ఫోనివ్వకండి. రెండు కథల మధ్య ఎవరో ఒకరు ఫోను చేస్తారు, పని అయిపోయినట్టే! నచ్చిన కథ ఒకటి జిరాక్సు షాపులో రంగుల్లో తీయించి, మధ్యలో కుట్టించండి. చేతిలో పట్టుకునే పుస్తకానికి ముందూ వెనకా, తలా అడుగూ ఉంటాయని పిల్లకి తెలియడం కూడా చదువులో భాగమే.

ఇంగ్లీషు పుస్తకాలు వద్దా అని అడుగుతారు మీరు. ఎందుకొద్దు? ఎరిక్ కార్ల్ గీసిన ఆకలి గొంగళిపురుగు పుస్తకం 1969 నాటిది. పురుగు తిన్నచోటల్లా పేజీకి నిజంగానే చిల్లు ఉంటుంది, పిల్లలు అందులో వేలు దూర్చి మురిసిపోతారు. అది ఇంగ్లీషులో ఉంటేనేం, మనం తెలుగులో చెప్పుకుంటాం. ఆదివారం, సోమవారం అంటూ. శనివారం నాడు ఆ పురుగు తినే వాటిలో మనకి తెలియని తిండి చాలా ఉంది. ఊరగాయ ముక్క ఒకటి కనిపిస్తే మా పిల్ల "ఆవకాయ తిందా! అందుకే కడుపునొప్పి" అని తేల్చేసింది. ఇంగ్లీషు ముక్కలు నేర్పే యావలో పడితే ఇలాంటి మాట మన చెవినపడదు. ఇంట్లో మాట్లాడే భాషలోనే పిల్లకి ఎందుకు, ఎలా అని అడగడం వస్తుంది. ఆ అడగడం వచ్చాక ఏ భాషైనా తెచ్చుకోవచ్చు.

తెలుగు పుస్తకాలతోనూ ఒక చిక్కుంది. కొన్నిట్లో భాష మరీ బిగుసుకుపోయి ఉంటుంది. "కుందేలు మిక్కిలి విచారించెను" అన్న ధోరణి. మూడేళ్ళ పిల్ల ఎక్కడ విచారిస్తుంది చెప్పండి? "కుందేలు బిక్కమొహం వేసింది" అని నేను మార్చి చదువుతాను. మీరూ మార్చుకోవచ్చు. కాకపోతే మొదటిరోజు ఏ మాట వాడారో నూరోరోజూ అదే వాడాలి. మాట మారితే ఒప్పుకోరు. నిద్ర ముంచుకొస్తోందని ఒక పేజీ దాటేసి చూడండి, దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటారు!

నూరోరోజు అన్నది వేళాకోళానికి కాదు. ఒకే పుస్తకం నెలలపాటు అడుగుతారు. మనకి విసుగే. గిన్నెలు కడిగి, రేపటికి పప్పు నానబోసి, నడుం వాల్చబోతుంటే అదే కోడిపిల్ల, అదే బాతుపిల్ల! కానీ తరవాత ఏం జరుగుతుందో తెలిసి ఉండటమే ఆ వయసుకి ఆనందం. పెద్దవాళ్ళు ఆడుకునే ప్రపంచంలో వాళ్ళకి ముందే తెలిసిన విషయాలు ఎన్నని? ఒకనాటికి పుస్తకం తనే తెచ్చుకుని, పేజీ పేజీకీ సరిగ్గా ఆ మాటలే అప్పచెబుతూ తిప్పుతుంది. "బట్టీ పట్టింది, చదవడం కాదు" అని తీసిపారేయకండి. చదువు అక్కణ్ణించే మొదలవుతుంది.

ఈ పని అమ్మ ఒక్కతే చెయ్యాలని ఎక్కడా రాసిలేదు. కథ చెప్పడానికి నాన్నలకి డిగ్రీ అక్కర్లేదు, టీవీలో వార్తలు పది నిమిషాలు ఆగుతాయి. మా అత్తయ్యగారికి చదువు రాదు. అయినా పుట్టగొడుగు పుస్తకం ఆవిడా చదువుతారు, బొమ్మలు చూసి. ఆవిడ కథలో వాన తొలకరి వాన, పుట్టగొడుగులు పుట్ట పక్కన లేస్తాయి, నక్క మా ఊరి చెరువుగట్టు మీదుగా వస్తుంది. నా కథా ఆవిడ కథా కలవవు. పిల్లకి ఆ పేచీయే లేదు. "ఇది అమ్మ కథ, అది నాయనమ్మ కథ" అంటుంది. "మాకు చదువు రాదు కదా" అని వెనక్కి తగ్గే తల్లులకి ఇది చెప్పాలని ఉంది. మీరు చదవలేని పుస్తకం మీ బిడ్డ మీకు చదివిపెట్టగలదు.

కొనేముందు ఒకటి చూడండి. 'మా కుటుంబం' అని అచ్చేసే పేజీలో నాన్న కుర్చీలో పేపరు చదువుతుంటాడు, అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది, అన్న బంతి ఆడతాడు, చెల్లి పూలు కోస్తుంది. కింద అక్షరాల్లో తప్పేమీ ఉండదు. కానీ పిల్లలు చదివేది అక్షరాల్ని కాదని అనుకున్నాం కదా! మంజులా పద్మనాభన్ పుస్తకం ఒకటుంది, తన పిల్లిని వెతుక్కుంటూ ఒక చిన్నపిల్ల వీధిలోకి వెళుతుంది. ఆడపిల్లలు ధైర్యంగా ఉండాలి అన్న మాట అందులో ఎక్కడా ఉండదు. వీధినిండా జనం, బళ్ళు, వాళ్ళ మధ్య ఆ పిల్ల! మా అమ్మాయికి అది చాలు.

ధర మాటకొస్తే, మంచి కేకు ఒకదాని డబ్బుతో ఇలాంటి చిన్న పుస్తకాలు నాలుగైదు వస్తాయి. పుట్టినరోజుకి వచ్చిన పిల్లలకి మనం తిరిగిచ్చే ప్లాస్టిక్ డబ్బాల బదులు ఇవి ఇవ్వచ్చు. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలతో చదువు కూడా చెప్పాలన్నది మొదటినుంచీ ఉన్న మాటే. మీ పేటలో సెంటరుంటే వెళ్ళి అడగండి, బొమ్మల పుస్తకాలున్నాయా, ఉంటే పిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయా అని. బళ్ళలో, లైబ్రరీల్లో, ఆ మాటకొస్తే మన ఇళ్ళలో కూడా, చినిగిపోతాయని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. చినగనివ్వండి. చినగని పిల్లల పుస్తకం ఎవరూ చూడని పుస్తకం.

కొనే వీలు లేనివాళ్ళు, ఉన్నవాళ్ళు కూడా, ఇంట్లోనే ఒకటి చేయండి. పాత పెళ్ళి శుభలేఖల అట్టలు ఏడెనిమిది ఒకే కొలతకి కత్తిరించండి. ఆదివారం అనుబంధాల్లోంచి, పాత కేలండర్లలోంచి బొమ్మలు ఏరి, ఏ బొమ్మ తరవాత ఏది రావాలో పిల్లనే అడిగి, మైదాపిండి జిగురుతో అంటించండి. పొంతన లేకపోయినా ఫరవాలేదు, రైలెక్కిన నెమలి కథ మా ఇంట్లో ఏడాదిగా నడుస్తోంది. పక్కన రెండు చిల్లులు పొడిచి లంగా బొందుతో ముడేయండి. చినిగిన పుస్తకాలకి కూడా వీపున సెలోటేపు వద్దు, ఎండాకాలంలో ఊడి వచ్చేస్తుంది. పాత నూలు చీర అంచు రెండంగుళాల పట్టీగా కోసి, జిగురు రాసి అంటించి, మీద రుబ్బురాయి పొత్రం పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి గట్టిపడుతుంది.