కొండమీద కాఫీ

సెలవులలో విద్యార్థులు సంచులు వీపున తగిలించుకొని కొండదారులు త్రొక్కుట మంచి అలవాటు. ఆ సంచిలో పుస్తకమున్నను లేకున్నను కాఫీపొడి యుండక మానదు. అయితే ఇంటి కాఫీ రుచి కొండమీద రాదు. ఏల? పైకి పోయిన కొలది వాయుపీడనము తగ్గును. దాదాపు 300 మీటర్లకు ఒక సెంటీగ్రేడు డిగ్రీ చొప్పున నీరు తక్కువ వేడికే మరుగును. కాఫీతోటలున్న అరకులోయలో ఈ భేదము మూడు డిగ్రీలే. హిమాలయములలో 5,000 మీటర్ల యెత్తున నీరు సుమారు 83 డిగ్రీలకే మరుగును. మూతలేని గిన్నెలో ఎంత మంట పెట్టినను అంతకుమించి వేడెక్కదు. అచట కావలసినది మంట కాదు, ఓర్పు. పొడి కొంత హెచ్చుగా వేసి, మూతపెట్టి, మరికొంతసేపు నాననిచ్చినచో డికాక్షన్ చక్కగా దిగును.

ఇంతకంటె ముఖ్యమైన పాఠము వేరొకటి కలదు. చలికి జడిసి కొందరు గుడారము మూసి లోపలనే స్టౌ వెలిగింతురు. గాలి చాలని మంటనుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు; తెలియకుండగనే ప్రాణము తీయగలదు. ఎండుటాకులపై మూడు రాళ్లు పేర్చి వెలిగించిన పొయ్యి అడవినే కాల్చగలదు. కనుక పిల్లలను వెంటబెట్టుకొని పోవు ఉపాధ్యాయులు స్టౌను గుడారము వెలుపల, ఆకులు లేని చదును నేలపై వెలిగింపజేయవలెను. ఆర్పువరకు ఒకరు దగ్గర నుండవలెను. మిగిలిన పిప్పిని వాగులో పారవేయక వెనుకకు తేవలెను.

తెల్లవారుజామున వేడి కాఫీ కోరుట తప్పు కాదు. దానికొరకు చలిలో పది నిమిషములు బయట నిలువలేనివారు ఆ పూట కాఫీ మానుకొనుట మేలు.