ఓటమి గట్టు మీదే మొదలవుతుంది

వాటర్‌పోలోలో పిల్లల జట్లు ఎందుకు గెలుస్తాయి, ఎందుకు ఓడతాయి అని క్రీడా శాస్త్రజ్ఞులు లెక్కలు కడుతుంటారు. గోలుకి విసిరిన బంతుల్లో ఎన్ని పడ్డాయి, గోల్‌కీపరు ఎన్ని ఆపింది, అవతలి జట్టులో ఒకరు తప్పు చేసి బయటికి పోయినప్పుడు దొరికిన అవకాశాన్ని ఎంత వాడుకున్నారు, బంతి చేజిక్కగానే ఎంత వేగంగా ఎదురుదాడికి ఈదారు - ఇవీ కొలతలు. పనికొచ్చే లెక్కలే. కానీ ఇవన్నీ నీళ్లలోకి దిగినవాళ్ల గురించినవి. అసలు దిగనివ్వని వాళ్లు ఏ పట్టికలోకి ఎక్కుతారు?

వట్లూరునే చూద్దాం. పక్కనే ఏలూరులో తమ్మిలేరు, కాలువలు, దక్షిణాన కొల్లేరు. చుట్టూ నీళ్లే. ఆ నీళ్లలో స్త్రీలు లేరా? ఉన్నారు - బట్టలుతకడానికి, బిందె ముంచడానికి, మోకాలి లోతు వరకూ. చేపల బుట్ట నెత్తికెత్తుకునేదీ స్త్రీలే. పనైతే నీళ్లు ఆమెవి, ఆటైతే మగపిల్లలవి. ఈడొచ్చిన పిల్ల తడిబట్టలతో కనిపించకూడదట. చూపు మగవాడిది, సిగ్గు మాత్రం ఆడపిల్లది!

వాటర్‌పోలోలో ఆడేవాళ్లు కాలు నేలకి ఆనించకూడదు. చేతులు బంతికి వదిలేసి కాళ్ల బలంతోనే తేలుతూ ఉండాలి. ఆ బలం ఏళ్ల తరబడి నీళ్లలో మెలిగితేనే వస్తుంది. పన్నెండేళ్లకే గట్టెక్కించేసి, ఆ తర్వాత “ఆడపిల్లలకి దమ్ము తక్కువ” అనడం శాస్త్రం కాదు, పితృస్వామ్యం.

ఇది ఒక్క ఊరి జబ్బు కాదు. ఒలింపిక్స్‌లో పురుషుల వాటర్‌పోలో 1900లో మొదలైంది. స్త్రీలకి చోటు దొరికింది 2000లో, సిడ్నీలో. నూరేళ్లు! అదీ ఆస్ట్రేలియా క్రీడాకారిణులు పోరాడాకే. ఆ దేశపు జట్టే ఫైనల్లో అమెరికాని 4-3తో ఓడించి స్వర్ణం గెలిచింది. మన పురుషులు 1951 ఆసియా క్రీడల్లోనే ఈ ఆటలో స్వర్ణం సాధించారు. అదే ఆసియా క్రీడల్లో స్త్రీల పోటీ మొదలైంది 2010లో.

కూడూ గుడ్డా సమస్యల మధ్య ఆటల గొడవేమిటని అడిగేవాళ్లున్నారు. స్త్రీలపై వివక్ష నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంలో పదో అధికరణ క్రీడల్లో సమాన అవకాశాన్ని హక్కుగా చెప్పింది. 1993లో మన దేశం దాన్ని ఆమోదించింది. అంటే మనం అడుగుతున్నది దయ కాదు. ఈత కొలను ఉన్నచోట ఆడపిల్లలకి వేళలు, స్త్రీ శిక్షకులు, బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి కావాలి. కొలను లేనిచోట ఈత నేర్పే బాధ్యత బడి, పంచాయతీ తీసుకోవాలి. బాలికలతో పనిచేసే ప్రతి సంఘమూ చదువుతో పాటు ఈతనూ తన పనిలో చేర్చుకోవాలి.

గెలుపోటముల లెక్క తర్వాత తేల్చుకోవచ్చు. ముందు పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వాలి.