తడిసిన చీర చెప్పని మాట

2022లో సమంత తనకు మయోసైటిస్ అని చెబితే మా ఫిల్మ్ నగర్‌లో కూరగాయల బండి దగ్గర కూడా అదే మాట, అందరిదీ జాలే. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న మా వదిన మాత్రం ఓ పెళ్ళిలో చీర తడిసి, కుర్చీలోంచి లేవలేక కూర్చుండిపోయింది. ఆ సంగతి అన్నయ్యకు కూడా చెప్పలేదు.

ఆడవాళ్ళకే ఎక్కువగా వచ్చే జబ్బిది. మెదడులో, వెన్నుపాములో నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటుంది. "కాసేపాగు" అని మెదడు మూత్రాశయానికి పంపే కబురు సరిగ్గా చేరదు. ఇందులో ఆమె నిర్లక్ష్యమేముంది? భయపడి నీళ్ళు తాగడం తగ్గిస్తే మూత్రం చిక్కబడి బాధ ఇంకా పెరుగుతుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును గుర్తించింది. ఇంట్లో మనమే ఇంకా గుర్తించలేదు. మందులున్నాయి, వ్యాయామాలున్నాయి. డాక్టరు దగ్గర ఆమె నోరు విప్పాలంటే, ముందు మనం ముక్కు మూసుకోవడం మానాలి.