పెరటి సందు

చికాగో నగరపు పాత నివాసవీథులలో నడచువానికి కాలిబాట ఒక మూలనుండి మరియొక మూలదాక చెట్లనీడలో తెగక సాగిపోవుట కానవచ్చును. అచ్చట కార్లు లేకపోలేదు, గ్యారేజీలును కలవు, కాని అవి పెరటివైపున, రెండు ఇండ్లవరుసల నడుమ పోవు పదునారడుగుల సందులోనికి తలుపులు తెరచుకొనియుండును. పెరటిసందు గల స్థలమున కారు ఆ సందునుండియే లోనికి రావలెననియు, వీథివైపున కాలిబాటను కోసి దారి చేయరాదనియు ఆ నగరపు జోనింగు నిబంధన. ఇది నాకు మిక్కిలి సమంజసముగా తోచును. ఏలయన, ఇంటివాడు తన కారొక్కదానికై ముంగిట కోయించిన దారి వీథిలో పదిమందికి చెందిన నిలుపుచోటు నొకదానిని హరించుటయే కాక, కర్ర పట్టి నడచు వృద్ధునకు, మూడుచక్రముల బండి తొక్కు బిడ్డకు అడుగడుగునను వెనుకకు వచ్చు కారు భయమును కల్పించును.

1830లో సర్వేయరు జేమ్స్ థామ్సన్ గీసిన మొదటి పటముననే ఈ సందులు కలవు. నేడు వాని పొడవు సుమారు 1,900 మైళ్లు. 1811నాటి మన్‌హాటన్ ప్రణాళికలో సందులకు చోటీయనందున న్యూయార్కు వాసులు చెత్తసంచులను తరతరములుగా కాలిబాటపైననే పెట్టవలసివచ్చినది. మనుష్యులచే మలము మోయించిన మన పట్టణములలో పెరటిసందు పేరు వినగనే ముక్కు మూసికొనుట అలవాటైనది గాని, ఆ పాపము పట్టణముది, సందుది కాదు.

నా అభ్యంతరము వేరొకదానిపైన. గుర్రపుబగ్గీల కాలమున చికాగోలో పెరటి బండిశాలల మీది గదులలో బండి తోలువారు కాపురముండెడివారు. 1957నాటి నిబంధనావళి అట్టి పెరటిగృహములను క్రొత్తగా కట్టుటను మాన్పించి, క్రొత్త నివాసములకు కారు నిలుపుచోటును మాత్రము విధించెను. యంత్రమునకు తప్పనిసరియైన నీడ మనుష్యునకు నిషిద్ధమగుటను ఏ న్యాయము సమర్థింపగలదు? 2020 డిసెంబరులో చేసిన శాసనము 2021 మే 1 నుండి ఆ గృహములను మరల అనుమతించెను. అదియును మొదట ఐదు ప్రాంతములకే. గ్యారేజిపైన ఒక గది వేసి వృద్ధురాలైన తల్లిని దగ్గర నుంచుకొనగోరిన గృహస్థుని, ఆ హద్దుల కావల నున్నాడను కారణమున త్రిప్పిపంపుట నాకు సరికాదనిపించినది.

జనము నివసించునపుడు సందును పెరడుగా కాక వీథిగా చూడవలసివచ్చును. పెక్కు సందులకు మురుగుకాలువలతో సంబంధము లేనందున వానకు నీరు నిలుచును. ఆ నీరు నేలలోనికి ఇంకునట్టి పరపును 2006 నుండి కొన్నిట వేయుచున్నారు. ఆ పరపును, రాత్రివేళ ఒక మంచి దీపమును, తపాలావాడు పోల్చుకొనగల ఇంటినంబరును తక్కిన సందులకును అమర్చినచో, గ్యారేజిమీది గదిలోని తల్లి తన గుమ్మమునుండియే వీథిలోనికి అడుగిడగలదు.